ఇనుప భీముడితో సాము



గురువు లేని విద్య గుడ్డి విద్య అని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అయినా ఊళ్ళో పిల్లలు ఆగుతారా? కరాటే మాస్టారు ఉండేది టౌన్లో. ఫీజు సంగతి అటుంచి, సాయంత్రం క్లాసు ముగిసేసరికి ఊరికి చివరి బస్సు వెళ్ళిపోతుంది. అందుకని సెల్‌ఫోను గోడకు ఆనించి, అందులో మనిషి ఎలా తన్నితే అలా తన్నుతూ, ఎలా తిరిగితే అలా తిరుగుతూ, డాబాల మీదా బడి మైదానాల్లోనూ సాధన చేసే పిల్లలు ఇవాళ ఏ ఊరు వెళ్ళినా కనిపిస్తారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. వీళ్ళకు ఏం చెప్పాలి? మానుకోమనాలా, కానివ్వమనాలా?

ఈ ప్రశ్న పట్టుకుని ముందుగా మహాభారతం దగ్గరకు వెళదాం. ఎదుట గురువు లేకుండా ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు అందులో ఇద్దరున్నారు. చిత్రమేమిటంటే ఇద్దరూ విగ్రహాల ముందే సాధన చేశారు. ఒకడిది మట్టి విగ్రహం. రెండోవాడిది ఇనుప విగ్రహం.

మొదటివాడు ఏకలవ్యుడు. నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. ద్రోణుడు శిష్యుడిగా చేర్చుకోనంటే అడవికి పోయి, మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకుని, దాని ఎదుట విల్లు పట్టాడు. పాండవుల వెంట వేటకొచ్చిన కుక్క తనను చూసి మొరిగితే, అది నోరు మూసేలోపు ఏడు బాణాలు ఆ నోట్లోకి కొట్టాడు. తర్వాత ద్రోణుడు బొటనవేలు అడగడం, ఇతను కోసి ఇవ్వడం, ఆ అన్యాయం గురించి మనం ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇవాళ నేను అడిగేది వేరే సంగతి. మట్టిబొమ్మ ముందు నిలబడితే ఆ పిల్లవాడికి అంత విద్య ఎలా అబ్బింది?

బొమ్మ మాట్లాడదు. మోచెయ్యి కాస్త ఎత్తమనదు, ఊపిరి బిగబట్టమనదు. అతనికి పాఠం చెప్పింది బాణం. గురి తప్పితే తప్పిందని అక్కడికక్కడే కళ్ళకు కనిపిస్తుంది. ఏ పక్కకు తప్పింది, ఎంత తప్పింది, అదీ తెలుస్తుంది. మళ్ళీ వేసుకోవచ్చు, మళ్ళీ దిద్దుకోవచ్చు. గురిపెట్టిన చెట్టు కదలదు, తిరగబడదు, మోసం చెయ్యదు. అలాంటి విద్యలో పట్టుదల ఉన్నవాడు ఒంటరిగా చాలా దూరమే వెళ్ళగలడు.

మన కాలంలోనూ దీనికి సాక్ష్యం ఉంది. కెన్యా దేశస్థుడు జూలియస్ యేగో జావెలిన్ విసిరే ఆటగాడు. పరుగుపందేలకు పేరుమోసిన ఆ దేశంలో జావెలిన్ నేర్పేవాళ్ళు అతనికి దొరకలేదు. యూట్యూబ్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్ళ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. 2015లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 92.72 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడు రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్నాడు. అతన్ని ‘మిస్టర్ యూట్యూబ్’ అని పిలిచారు. జావెలిన్‌లోనూ అంతే. కొలత టేపు అబద్ధం చెప్పదు. నిన్నటికన్నా ఇవాళ మీటరు దూరం పడిందంటే, చేసిన మార్పు పనికొచ్చిందన్నమాట. అయితే ఒక మాట మరిచిపోకూడదు. ప్రపంచ విజేత కాకముందే ఆ యేగో ఫిన్లాండ్ వెళ్ళి కోచ్ దగ్గర కూడా శిక్షణ తీసుకున్నాడు.

ఇక రెండో విగ్రహం. ఇది దుర్యోధనుడిది. గదాయుద్ధంలో భీముణ్ణి పడగొట్టాలని అతను భీముడి ఇనుప విగ్రహం ఒకటి చేయించుకుని, పదమూడేళ్ళ పాటు దాని మీద గద ఆడించాడని శల్యపర్వంలో శ్రీకృష్ణుడే చెబుతాడు. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు కౌగిలించుకుని నుగ్గునుగ్గు చేసింది ఆ విగ్రహాన్నే. ధృతరాష్ట్ర కౌగిలి అని మనం రోజూ వాడే మాట అక్కడి నుంచే వచ్చింది.

ఆ పదమూడేళ్ళ సాధన వృథా పోయిందా అంటే, పోలేదు. బలంలో భీముడు మేటి, నేర్పులో మాత్రం దుర్యోధనుడే మేటి, ధర్మంగా పోరాడితే భీముడు గెలవలేడు అని కృష్ణుడే ఒప్పుకున్నాడు. కానీ ఇక్కడ రెండు సంగతులు చూడాలి. ఒకటి, విగ్రహం పెట్టుకునే నాటికే దుర్యోధనుడు బలరాముడి దగ్గర గద నేర్చినవాడు. చిన్ననాటి నుంచి తోటివాళ్ళతో తలపడినవాడు. ఉన్న విద్యకు పదును పెట్టుకోవడానికే ఇనుప బొమ్మ పనికొచ్చింది. రెండోది, అసలు పోరు చివర్లో ఏం జరిగింది? దెబ్బ తప్పించుకోవడానికి దుర్యోధనుడు పైకి ఎగిరాడు. గాలిలో ఉన్న ఆ క్షణాన భీముడు గద విసిరి తొడలు విరగ్గొట్టాడు. నాభి కింద కొట్టడం గదాయుద్ధ నియమానికి విరుద్ధం, బలరాముడు మండిపడ్డాడు కూడా. న్యాయాన్యాయాల మాట పక్కన పెడితే, ఆ దెబ్బ ఇనుప భీముడు పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా కొట్టలేదు. మనం ఎగిరేదాకా కాచుకుని చూసే తెలివి ఇనుముకు లేదు.

నేను చెప్పదలచింది ఈ రెండు విగ్రహాల నడుమే ఉంది. గురువు బొమ్మ పెట్టుకుని విద్య నేర్చుకోవడం సాధ్యమే. ప్రత్యర్థి బొమ్మ పెట్టుకుని పోరు నేర్చుకోవడం సాధ్యం కాదు. విల్లు, తుపాకి గురి, జావెలిన్ లాంటి విద్యల్లో ఫలితమే పాఠం చెబుతుంది. కుస్తీ, బాక్సింగ్, కరాటే, జూడో, కర్రసాము, కత్తిసాము, వీటిలో అవతల ఒక మనిషి ఉంటాడు. వాడికీ కళ్ళున్నాయి, వాడికీ ఉపాయాలున్నాయి, మన దెబ్బ కాచుకోవాలని వాడూ చూస్తుంటాడు. ఆ మనిషి లేకుండా నేర్చుకోవడమంటే గట్టు మీద పడుకుని చేతులూ కాళ్ళూ ఆడించి ఈత వచ్చిందనుకోవడమే. కాబట్టి మాస్టారు దొరకని పిల్లలకు నా జవాబు ఇది: గురువు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. జోడీ లేకుండా మాత్రం ముందుకు వెళ్ళలేరు.

ఇది ఉత్తుత్తి వాదన కాదు. గురువులంతా చనిపోయి, పుస్తకాలు మాత్రమే మిగిలిన యుద్ధవిద్య ఒకటుంది. దాన్ని ఈ కాలంవాళ్ళు ఎలా బతికించారో చూస్తే విషయం తేటపడుతుంది.

మధ్యయుగాల్లో యూరప్‌లో రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి ఉండేది. సినిమాల్లో అదేదో ఎత్తలేనంత బరువున్నట్టు చూపిస్తారు గానీ, అసలు కత్తి సాధారణంగా కిలోన్నరకు అటూ ఇటూ అంతే. తుపాకులు వచ్చాయి, యుద్ధం తీరు మారింది, ద్వంద్వ యుద్ధాలకు సన్నటి కత్తులు వచ్చాయి. పొడుగు కత్తి నేర్పే ఉస్తాదులు ఒక్కరొక్కరే పోయారు. పరంపర తెగిపోయింది. మిగిలినవి బొమ్మల పుస్తకాలు. ఇంగ్లాండ్‌లో లీడ్స్ నగరంలోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో పద్నాలుగో శతాబ్దం తొలినాళ్ళ చేతిరాత గ్రంథం ఒకటుంది. కత్తి, చిన్న డాలు పట్టుకుని ఒక క్రైస్తవ పూజారి తన శిష్యుడికి నేర్పుతున్న బొమ్మలు అందులో ఉంటాయి. చివరి పుటల్లో కత్తీ డాలూ పట్టిన ఒక స్త్రీ కూడా కనిపిస్తుంది. పేరు వాల్పుర్గిస్. ఏడువందల ఏళ్ళ కిందటి పుస్తకంలో ఆడమనిషి సాము చేస్తోంది, గమనించండి.

ఇటలీకి చెందిన ఫియోరె దెయ్ లిబెరి అనే ఉస్తాదు 1409 ప్రాంతంలో రాసిన గ్రంథం ప్రతి ఒకటి లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. అందులో పుట తెరిస్తే జంటలు జంటలుగా మనుషులు కనిపిస్తారు. ఒకడి తల మీద కిరీటం ఉంటుంది. అంటే ఆ పట్టు తెలిసిన ఉస్తాదు వాడే. మోకాలి కింద బంగారు పట్టీ కట్టుకున్నవాడు శిష్యుడు, ఉస్తాదు చూపిన పట్టుతోనే ప్రత్యర్థిని లొంగదీస్తుంటాడు. కిరీటమూ పట్టీ రెండూ ఉన్నవాడు మరొకడు. ఆ పట్టుకు విరుగుడు చూపించేవాడు. ఎవరు కొడుతున్నారు, ఎవరు కాస్తున్నారు, ఎవరు తిప్పికొడుతున్నారు అన్నది అక్షరం చదవకుండానే తెలిసిపోతుంది. బొమ్మ పక్కన నాలుగు ముక్కల వివరణ. అంతే. బొమ్మకు ముందు కాలు ఎక్కడుంది, తర్వాత ఎక్కడికి పోయింది, దెబ్బ వేగమెంత, అవేవీ ఉండవు.

మరి నేర్చుకున్నవాళ్ళు ఎలా నేర్చుకున్నారు? 1990ల నుంచి యూరప్‌లో, అమెరికాలో ఉత్సాహవంతులు ఈ పుస్తకాలు తీసుకుని గుంపులుగా కూడారు. పాత భాష తెలిసినవాడు చదివాడు. ఇద్దరు లేచి కత్తులు పట్టి, ఆ బొమ్మలో ఉన్నట్టు నిలబడ్డారు. కుదరలేదు. కాలు మార్చారు. మళ్ళీ చూశారు. నిదానంగా ఆడితే పట్టు కుదురుతోంది గానీ, అవతలివాడు నిజంగా కొడితే కుదరడం లేదు. అంటే మనం చదివింది తప్పని అర్థం. మళ్ళీ పుస్తకం. ఇలా చదవడం, తలపడటం, తప్పు తెలుసుకోవడం, మళ్ళీ చదవడం. ముఖానికి జాలీ మాస్కు, చేతులకు మందపాటి గ్లోవ్స్, తగిలితే వంగిపోయే మొద్దు కత్తి, వీటితో నిజమైన వేగంలో తలపడి తేల్చుకున్నారు. ఇప్పటికీ కొన్ని పట్ల విషయంలో ఒక ఊరివాళ్ళ చదువు ఇంకో ఊరివాళ్ళు ఒప్పుకోరు. అప్పుడు కత్తులు పట్టి తేల్చుకోవడమే. ఆ విద్యకు బతికున్న గురువు ఒక్కడూ లేడు. ఎదుట జోడీ ఉండబట్టే అది మళ్ళీ లేచి నిలబడింది.

జూడో పుట్టుకలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. జపాన్‌లో కానో జిగోరో యువకుడిగా జూజుత్సు నేర్చుకునేటప్పుడు, తనకన్నా భారీ మనిషి అయిన తోటి విద్యార్థి ఒకడు ఎంతకీ లొంగేవాడు కాడట. గురువు చెప్పిన పట్లు చాల్లేదు. సూమో కుస్తీ పట్లు ప్రయత్నించాడు, పని జరగలేదు. చివరికి లైబ్రరీకి వెళ్ళి పాశ్చాత్య కుస్తీ గురించి చదివి, మనిషిని భుజాల మీదికి ఎత్తి పడేసే పట్టు ఒకటి పట్టుకున్నాడు. స్నేహితుడితో సాధన చేసి, ఆ భారీ మనిషిని పడగొట్టాడు. ఆ పట్టు ఇప్పుడు జూడోలో కతా గురుమా. పుస్తకం దారి చూపింది సరే, పట్టు నిజమని తేల్చింది మాత్రం ఆ భారీ మనిషి శరీరమే.

1882లో టోక్యోలోని ఎయిషోజీ గుడిలో కొద్దిమంది శిష్యులతో కానో జూడో మొదలుపెట్టాడు. అతను చేసిన గొప్ప పని ఒకటుంది. వేళ్ళు విరవడం, కళ్ళలో పొడవడం లాంటి ప్రమాదకరమైన పట్లను పోటీ సాధన నుంచి తీసేశాడు. మిగిలిన పట్లను పూర్తి బలంతో, నిజంగా ప్రతిఘటించే మనిషి మీద రోజూ ఆడమన్నాడు. దీన్ని వాళ్ళు రండోరీ అంటారు. ప్రాణం తీసే పట్టు అంటూ గాలిలో పది చూపించడం కన్నా, ప్రాణం తీయని పట్టు ఒకటి నిజంగా వేయగలగడం మేలు. ఫోనులో ‘ఒక్క దెబ్బతో పడగొట్టే రహస్యం’ అని ఏదైనా కనిపించినప్పుడు ఈ మాట గుర్తు తెచ్చుకోండి. అవతలివాడు బొమ్మలా చెయ్యి చాపి నిలబడితేనే ఆ రహస్యం పనిచేస్తుంది. సినిమా ఫైట్ల సంగతీ అంతే. ఏ గుద్దు ఎప్పుడు వస్తుందో తినేవాడికి ఫైట్ మాస్టర్ ముందే చెప్పి ఉంటాడు.

జోడీ కావాలన్న మాటకు ఎదురు ఉదాహరణగా చాలామంది మియమోతో ముసాషీ పేరు చెబుతారు. పదిహేడో శతాబ్దపు జపాన్ ఖడ్గవీరుడు. తన చివరి రోజుల్లో రాసిన గ్రంథంలో, తనకు గురువంటూ ఎవరూ లేరనీ, పదమూడో ఏట మొదటి పోరు గెలిచాననీ, ముప్ఫై ఏళ్ళు నిండేలోగా అరవైకి పైగా పోరాడి ఒక్కటీ ఓడలేదనీ చెప్పుకున్నాడు. ఒప్పుకుందాం. కానీ ఆ అరవైమందీ ఎవరు? జోడీలే కదా! పైగా ఆ రోజుల్లో ఓడినవాడికి మరో పోరు దక్కుతుందన్న నమ్మకం లేదు. గురువు లేకుండా కత్తి పట్టి తొలి పోరులోనే పడిపోయినవాళ్ళు ఎంతమందో మనకు తెలియదు. వాళ్ళు పుస్తకాలు రాయలేదు. ముసాషీ తండ్రి కూడా ఆయుధ విద్యలో ఉస్తాదే. అలాంటి ఇంట పుట్టినవాడికి గాలిలోనే కొంత విద్య అంది ఉంటుంది.

బ్రూస్ లీ మాటకొద్దాం. 1973లో వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’ తర్వాత మన వీధుల్లో కూడా అతని పోస్టరు లేని వ్యాయామశాల అరుదు. అతనేదో స్వయంభువు అని మన కుర్రాళ్ళకొక నమ్మకం. నిజానికి హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే పోరువిద్య నేర్చుకున్నాడు. తర్వాత అమెరికాలో బాక్సింగ్, ఫెన్సింగ్ పుస్తకాలు తెగ చదివాడు, ముహమ్మద్ అలీ పోటీల ఫిల్ములు తిప్పి తిప్పి చూశాడు. ఆ నేర్చుకున్నవన్నీ శిష్యులతో, స్నేహితులతో తలపడి పరీక్షించుకున్నాడు. అంతటివాడికీ ఒంటరి కసరత్తు ఒకసారి దెబ్బ కొట్టింది. 1970లో భుజాల మీద బరువు పెట్టుకుని నడుము వంచే కసరత్తు చేస్తూ వీపు దెబ్బతీసుకున్నాడు. నెలల పాటు మంచం దిగలేదు. ఆ మంచం మీద రాసుకున్న నోట్సు చాలా భాగం, అతను పోయాక 1975లో పుస్తకంగా వచ్చింది. పుస్తకం మనకు మిగిలింది, నొప్పి అతనికి మిగిలింది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఉత్తరాంధ్రలో తాలింఖానాలు, గరిడీలు, హైదరాబాదు పాతబస్తీలో తాలీములు, ఈ సాము శాలలన్నీ మనకు తెలిసినవే. కలియుగ భీముడని పేరుపడ్డ మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పెరిగింది విజయనగరంలో. ఆ చోట్ల పద్ధతి చూడండి. దండీలు, బస్కీలు, గద తిప్పడం ఎవరికి వారే చేసుకుంటారు. మట్టి గోదాలోకి దిగితే మాత్రం ఇద్దరు ఉండాల్సిందే. ఉస్తాదు గట్టున కూర్చుని అప్పుడప్పుడు ఒక మాట అంటాడు. రోజంతా నేర్పేది తోటి పహిల్వానే. దసరాకూ, పీర్ల పండక్కీ ఊరేగింపుల్లో కర్రసాము చూస్తాం. కర్ర గిరగిరా తిప్పడం చూడ్డానికి ఎంతో బాగుంటుంది. మణికట్టుకు మంచిది కూడా. కానీ కర్ర తిప్పడం వేరు, కర్రతో తలపడటం వేరు. రెండో కర్ర వచ్చి ఖణేల్మని తగిలినప్పుడు పట్టు జారకుండా ఉంటేనే అది సాము.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌నే తీసుకోండి. ఇస్తాంబుల్‌లో 2022లో, ఢిల్లీలో 2023లో ప్రపంచ బాక్సింగ్ స్వర్ణాలు గెలిచింది. మొదలుపెట్టిన రోజుల్లో తలపడటానికి ఊళ్ళో మరో ఆడపిల్ల లేదు. అబ్బాయిలతోనే రింగులోకి దిగింది, దెబ్బలు తింది. ఆమెకు కోచ్ ఉన్నాడు, తండ్రి అండ ఉంది. అయినా జోడీ కోసం వెతుక్కోక తప్పలేదు.

సర్కారు బళ్ళలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. మంచి పథకం. మూడు నెలల తర్వాత మాస్టారు వెళ్ళిపోతాడు. అప్పుడేం చేయాలి? నేర్చుకున్నది మరిచిపోవాలా? అక్కర్లేదు. ఆ తరగతిలో ముప్ఫైమంది ఆడపిల్లలుంటే పదిహేను జోడీలున్నట్టు. మాస్టారు పోయినా వాళ్ళు ఎక్కడికీ పోలేదు.

సరే, ఆచరణలోకి వద్దాం. ఒంటరిగా ఏం చేయవచ్చు, జోడీతో ఏం చేయాలి?

ఒంటరిగా చేసుకోవలసింది శరీరాన్ని సిద్ధం చేసుకోవడం. పరుగు, తాడాట, దండీలు, బస్కీలు, కాళ్ళ కదలిక. ఇవి ఎవరూ చెప్పకపోయినా ముంచేవి కావు. దెబ్బల దగ్గరకు వచ్చేసరికి జాగ్రత్త కావాలి. పిడికిలి సంగతే చూడండి. బొటనవేలు లోపల దాచుకుని గుద్దితే విరిగేది మన వేలే. బొటనవేలు బయట, చూపుడు, నడిమి వేళ్ళ మీదుగా ఆనాలి. మణికట్టు వంగకూడదు. తగలవలసింది చూపుడు వేలు, నడిమి వేలు మెటికలు. అలవాటు లేనివాడు చిటికెన వేలి వైపు మెటికతో గుద్దుతాడు. ఆ ఎముక సన్నం, అక్కడే విరుగుతుంది. ఎముకల డాక్టర్లు రోజూ చూసే ఫ్రాక్చర్ అది.

పక్క నుంచి తిప్పి కొట్టే కిక్‌లో ఇంకో ప్రమాదముంది. ఫోనులో అందరి చూపూ గాలిలో లేచే కాలి మీదే ఉంటుంది. చూడవలసింది నేల మీద ఉన్న కాలు. కొట్టే కాలు తిరుగుతుంటే, నేల మీది పాదం కూడా మునివేళ్ళ మీద తిరిగి, మడమ లక్ష్యం వైపుకు రావాలి. పాదం నేలకు అతుక్కుపోయి, పైన నడుము తిరిగిందంటే ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. గరుకు సిమెంటు నేల మీద రబ్బరు చెప్పులేసుకుని ఈ కిక్ సాధన చేసే పిల్లలు మోకాలు పోగొట్టుకునేది ఇలాగే. వీడియో తీసుకోవడానికి ఫోను వాడండి. మీ కిక్ మీరే వెనక నుంచి తీసి, పాదం తిరిగిందో లేదో చూసుకోండి. ఎవరి వీడియోనో నూరుసార్లు చూడ్డం కన్నా మీ వీడియో ఒకసారి చూసుకోవడం ఎక్కువ నేర్పుతుంది.

గోనెసంచిలో ఇసుక పోసి వేపచెట్టుకు వేలాడదీసి గుద్దే అలవాటొకటి ఉంది. ఇసుక కిందికి దిగి రాయిలా గట్టిపడుతుంది. చెయ్యి దానికి బలి. పాత బట్టలు కూరండి, చేతికి గుడ్డ చుట్టుకోండి.

ఇక జోడీతో. మొదటి రోజే గుద్దులాట వద్దు. భుజం తాకే ఆట ఆడండి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు అరచేత్తో అవతలివారి భుజం తాకాలని చూడాలి. రెండోవారు పాదాలు కదిపి తప్పించుకోవాలి, లేదా చేత్తో పక్కకు తోయాలి. కాసేపయ్యాక వంతు మార్చుకోవాలి. పిల్లలాట లాగే ఉంటుంది. కానీ ఎంత దూరంలో నిలబడితే చెయ్యి అందుతుంది, ఎప్పుడు అడుగు వేస్తే అవతలివాడు ఆలస్యమవుతాడు, వాడి భుజం కదిలే ముందు ఏం కదులుతుంది, ఇవన్నీ ఇందులోనే పట్టుబడతాయి. ఏ వీడియోలోనూ, ఏ పుస్తకంలోనూ ఇవి దొరకవు. తర్వాత మోకాలు తాకే ఆట. ఆ తర్వాత ఒకరు నిదానంగా గుద్దు వేస్తుంటే, రెండోవారు కాచుకోవడం. వేగం ఇద్దరూ ఒప్పుకుని మెల్లమెల్లగా పెంచుకోవాలి.

కొన్ని నియమాలు మాత్రం తప్పకూడదు. ఎవరైనా రెండుసార్లు తట్టినా, చాలు అన్నా, తక్షణం వదిలేయాలి. తలకు దెబ్బలు వద్దు. మెడ మీద పట్లు అసలే వద్దు, అవి అనుభవమున్న మాస్టారి ఎదుటే. కర్రలతో ఆడితే వెదురు చీలిక కంట్లో పడుతుంది. స్పాంజి తొడిగిన ప్లాస్టిక్ గొట్టాలతో మొదలుపెట్టండి. క్రికెట్ హెల్మెట్ ఉంది కదా అని ధైర్యం చేయకండి. దాని గ్రిల్లు బంతి కోసం చేసింది, కర్ర మొనను అది ఆపదు. పడటం నేర్చుకోకుండా పడేయడం నేర్చుకోవద్దు. మెత్తటి గడ్డి మీద, గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడంతో మొదలుపెట్టండి. గడ్డం ఛాతీకి ఆనాలి, తల నేలకు తగలకూడదు. పడేటప్పుడు చెయ్యి నిటారుగా చాపి అరచెయ్యి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. పొరపాటున తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి అయినా, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఆత్మరక్షణ కోసం నేర్చుకునే అమ్మాయిలకు ఒక ప్రత్యేకమైన మాట. పట్టు విడిపించుకోవడం, గట్టిగా అరవడం, పరుగెత్తడం, ఈ మూడూ జోడీతో నిజమైన బలంతో సాధన చేయండి. చెయ్యి పట్టుకున్న స్నేహితురాలు నిజంగా గట్టిగా పట్టుకోవాలి. మొహమాటానికి వదిలేస్తే ఆమె మీకు చెడుపు చేసినట్టే. విడిపించుకున్నాక నిలబడి పోరాడవద్దు, అక్కడి నుంచి బయటపడండి. 112కు గానీ, మహిళల కోసం ఉన్న 181కి గానీ ఫోన్ చేయండి.

మరి గురువు అవసరమే లేదా? ఉంది. కొంత దూరం వెళ్ళాక మీ జోడీ చేసే తప్పులే మీరూ చేస్తుంటారు. ఇద్దరికీ తెలియని తప్పు మూడో మనిషే పట్టాలి. మెడ పట్లు, కీళ్ళు విరిచే పట్లు, పూర్తి వేగపు పోరు, పోటీలు, వీటికి మాస్టారు కావలసిందే. ఏడాది పాటు మీరిలా సాధన చేసి వెళితే, ఆ మాస్టారికి పచ్చి మట్టి కాకుండా తయారైన శరీరం దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యం, మంచి మాస్టారెవరో మీకు తెలిసిపోతుంది. తన శిష్యుల్ని రోజూ ఒకరితో ఒకరిని ఆడించేవాడు, దెబ్బ తగిలితే ఆపేవాడు, తానూ చొక్కా విప్పి శిష్యుడితో తలపడేవాడు మంచి మాస్టారు. బెల్టు బెల్టుకూ డబ్బు గుంజుతూ, తన విద్య మరీ ప్రమాదకరం కాబట్టి దాన్ని ఎవరి మీదా ప్రయోగించి చూపలేనని చెప్పేవాడి దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు.

చివరగా ఊరి పెద్దలకూ, బడి పంతుళ్ళకూ ఒక మనవి. మాస్టార్ని తెప్పించే స్తోమత ఊరికి లేకపోవచ్చు. ఒక మెత్తటి చోటు చూపించడం కష్టం కాదు. బడి ఆవరణలో ఒక మూల మట్టి తవ్వించి మెత్తగా చేయించండి, నాలుగు పాత పరుపులు వేయించండి, సాయంత్రం ఒక గంట లైటు వేయించండి. పిల్లలు వచ్చినప్పుడు పక్కన పెద్దవారొకరు కూర్చోండి. వాళ్ళకు ఏమీ నేర్పక్కర్లేదు, చూస్తే చాలు. ఫోను ఎదుట ఒంటరిగా కాళ్ళాడించే పిల్లలారా, రేపు సాయంత్రం మీ స్నేహితుణ్ణో, స్నేహితురాలినో తోడు తీసుకుని అక్కడికి రండి. మీకు కావలసిన పాఠం సగం వాళ్ళ చేతుల్లోనే ఉంది.